బయటివి అమ్మకు

ముసలాయన చెవిలోకి దారం కట్టిన దూదిముక్కను మెల్లగా నెడుతూ, "దగ్గకండి, నవ్వకండి, మీ అల్లుడి గురించి అసలు ఆలోచించకండి" అంది చెవుల మేడం.

ముసలాయన నవ్వనే నవ్వాడు. దూది పక్కకు జరిగింది. ఆమె విసుక్కోకుండా దారం పట్టి లాగి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఆ దూది లోపల అడ్డంగా సరిగ్గా కూర్చోకపోతే, వెనకనుంచి నింపే ముద్ద తిన్నగా కర్ణభేరి దాకా పోయి గట్టిపడుతుంది. అప్పుడు చెవిమిషనుకు అచ్చు తీయడం అటుంచి, మనిషిని ఆసుపత్రికి మోసుకుపోవాలి. తెల్ల ముద్ద కొంచెం, గులాబీ ముద్ద అంతే తీసుకుని, రెండు రంగులూ ఒకటయ్యేదాకా వేళ్లతో పిసికి, లావుపాటి సిరంజిలో కూరి, చెవి నిండా నింపింది. గట్టిపడేదాకా ముసలాయన తల కదలకుండా గడ్డం కింద చెయ్యి ఆనించి నిలబడింది.

గుమ్మం బయట బోర్డు మీద ఉన్నది పెద్ద డాక్టరు పేరు. వచ్చేవాళ్లు అడిగేది మాత్రం చెవుల మేడం ఉందా అని. కొత్తగా చెవిమిషను పెట్టించుకున్నవాళ్లు వారం తిరక్కుండా దాన్ని తీసి సొరుగులో పడేస్తారు. వాళ్లను బతిమాలి, కసిరి, జోకులేసి మళ్లీ చెవికి ఎక్కించడం ఆమె పని. పెద్ద డాక్టరుకు అంత ఓపిక ఎప్పుడూ లేదు, ఇప్పుడైతే కంటిచూపు కూడా సరిగ్గా లేదు.

ఆయన తలుపు సందులోంచి తొంగిచూశాడు. "శనివారంలోగా ఏదో ఒకటి తేల్చమ్మా. ఊరూరా చెవిమిషన్ల దుకాణాలు పెట్టేవాళ్లున్నారే, వాళ్లు రోజూ ఫోన్ చేసి ప్రాణం తీస్తున్నారు. నాకైతే ఈ క్లినిక్ నీ చేతిలో పెట్టాలనే ఉంది. మొదటి విడత ఇచ్చావంటే మిగతాది నీ వీలునిబట్టి చూసుకుందాం."

"ఇచ్చేస్తానండీ. ఇవాళే తమ్ముడికి చెప్తాను."

ఆమెకు బెంగేమీ లేదు. ఇక్కడి కంపెనీల షేర్లు ఆర్నెల్లుగా నేలచూపులు చూస్తున్న మాట నిజమే. వాటిని ఇప్పుడు ముట్టుకుంటే నష్టం. కానీ అచ్చంగా ఇలాంటి రోజుకోసమే తమ్ముడు ఆమెచేత బయటి దేశాల షేర్లు కొనిపించాడు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, గ్లాసులూ చెంచాలూ అటూ ఇటూ జరిపి మరీ పాఠం చెప్పేవాడు. "ఇక్కడివన్నీ ఒకే గాలికి వణుకుతాయక్కా. సిమెంటు పడితే బ్యాంకు పడుద్ది, బ్యాంకు పడితే అన్నీ పడతాయి. బయట టెక్నాలజీ కంపెనీలకి మన గాలి తగలదు. సంపాదించిందంతా తీసుకెళ్లి ఒక్కచోటే పెట్టకూడదు." తల్లి బల్ల చివర కూర్చుని దిండుగలీబు అంచు కుడుతూ, "అలాగా" అనేది. తమ్ముడు షేర్లు కొనే యాప్ వాడటంలో ఆరితేరినవాడు, అందుకని ఖాతా అతని పేరే. ఆమె నెలనెలా అతనికి పంపేది. సొంత తమ్ముడి దగ్గర రసీదులేమిటి?

ముసలాయన చెవిలోంచి అచ్చు చిటుక్కున ఊడివచ్చింది. మెలికలు తిరిగిన గులాబీరంగు ముక్క. ఆయన దాన్ని అపనమ్మకంగా చూసి, "ఇంత వంకరగా ఉందా నా చెవి?" అన్నాడు.

"అందరిదీ అంతేనండీ. మీది నయం" అంది ఆమె.

మధ్యాహ్నం డబ్బా విప్పుకుని, ఒక చేత్తో తింటూ తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇక బయటివి అమ్మెయ్‌రా. టైమొచ్చింది. డాక్టరుగారు సరే అన్నారు."

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది.

"అమ్మెయ్యడమేంటక్కా? అవి ఎప్పుడో అమ్మేశాం కదా, నువ్వు చెప్పాకే."

"నేనేం చెప్పాను?"

"వేసవిలో నువ్వు పనిలో ఉండగా మీ ఇంటికొచ్చి ఫోన్ చేశాను గుర్తుందా? బాగా పెరిగాయి, ఏం చెయ్యమంటావు అనడిగాను. 'బయటివి అమ్మకు' అన్నావు."

"అవును, అన్నాను. అమ్మకు అంటే అమ్మొద్దని!"

"అయ్యో అక్కా..." తమ్ముడు నోరు చప్పరించాడు. "అమ్మకు అంటే అమ్మకి అనుకున్నాను. అవి అమ్మకి ఇచ్చెయ్యమంటున్నావనుకున్నాను. ఫోన్ స్పీకర్లో ఉంది, అమ్మ నా పక్కనే ఉంది. ఇద్దరం అలాగే విన్నాం. అమ్మేసి అమ్మ ఖాతాలో వేశాను."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. నిజంగానే పడీపడీ నవ్వింది. అన్నం ముద్ద గొంతుకడ్డం పడి దగ్గింది. నీళ్లు తాగాక నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"సర్లే. అమ్మ దగ్గరుంది కదా, ఇంటికెళ్లి తీసుకుంటాను."

"అంటే... అమ్మ దగ్గర ఇప్పుడు లేదక్కా. సాయంత్రం మా ఇంటికి రా, కూర్చుని మాట్లాడదాం. కొత్తింటికి నువ్వింకా రానే లేదు."

ఎదురుగా కూర్చున్న రిసెప్షన్ అమ్మాయి అంతా వింది. వినకుండా ఉండటం ఆ అమ్మాయికి చేతకాదు. "మేడం, ఊరందరి చెవులూ మీరు చూస్తారు. మీ తమ్ముడు మీ చెవిలోనే పువ్వు పెట్టాడు" అంది.

"నోర్ముయ్. తప్పు నాది. చేతినిండా అచ్చుల ముద్ద పెట్టుకుని ఫోన్లో పొడిమాటలు మాట్లాడితే ఇలాగే అవుతుంది." డబ్బా మూత పెట్టేసి అడిగింది. "ఇదిగో, నేను మామూలుగా 'అమ్మకి ఫోన్ చెయ్యి' అంటానా, 'అమ్మకు ఫోన్ చెయ్యి' అంటానా?"

"నాకేం తెలుసు మేడం? మీరు ఎవరికీ చెప్పరు, మీరే చేస్తారు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె అచ్చుల అంచులు చెక్కుతూ, పెదాల కదలిక పైకి తెలియకుండా ఆ రెండు మాటలూ అనుకుంటూనే ఉంది. అమ్మకి మందులు తేవాలి. అమ్మకి చలేస్తుంది. అమ్మకు అని తను ఎప్పుడైనా అంటుందా? అన్నా అనొచ్చు. మనిషి తన మాట తాను వినడు కదా అని సమాధానం చెప్పుకుంది.

కొత్తింటి తలుపు తియ్యగానే రంగు వాసన గుప్పుమంది. మరదలు చెయ్యి పట్టుకుని గదిగదీ తిప్పింది. "ఇది హాలు వదినా, ఇది మా గది, ఇటువైపు వంటిల్లు, గాలి బాగా వస్తుంది." తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి, అద్దం చట్రానికి అంటించిన ప్లాస్టిక్ పొరను గోటితో గీకుతున్నాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చినా అంతే, చేతికి ఏదో ఒక పని చెప్పేవాడు.

"అమ్మ నాకిచ్చిందక్కా. ఇంటికి అప్పు పుట్టింది కానీ పైన వేసుకోవాల్సింది తక్కువపడింది. నేను అడగలేదు. తనే పిలిచి ఇచ్చింది."

"అది నాదని నీకు తెలుసు కదరా."

"నువ్వు అమ్మకిచ్చావనుకున్నాను. అమ్మకిచ్చింది అమ్మదే కదా." పొర ఒక పక్కనుంచి పొడవుగా ఊడివచ్చింది. దాన్ని చిన్న ఉండగా చుట్టాడు. "తిరిగిచ్చేస్తాను. నువ్వేం కంగారుపడకు. ఒక్క రెండేళ్లు టైమియ్యి."

"శనివారంలోగా కావాలి నాకు."

అతను రెండో పక్క పొర గీకడం మొదలుపెట్టాడు. మరదలు మధ్యలో కల్పించుకుని, "ఇంకో గది చూడలేదు మీరు, రండి వదినా" అంది.

ఆ గది చిన్నది. ఎత్తు తక్కువ మంచం, పక్కన చేతికందేలా స్విచ్చి, స్నానాలగదిలో పడిపోకుండా పట్టుకోవడానికి గోడకు బిగించిన స్టీలు కడ్డీ. "ఇది అత్తయ్యగారి గది" అంది మరదలు. "ఎప్పుడొస్తే అప్పుడు ఉండడానికి."

నిజం చెప్పాలంటే ఆ కడ్డీ చూసేసరికి ఆమె కోపం సగం చల్లారింది. తమ ఇంట్లో అలాంటిది బిగించాలని మూడేళ్లుగా అనుకుంటోంది, అనుకోవడంతోనే సరిపోయింది. వీడు మాత్రం తల్లి అడుగు తడబడకుండా చూశాడు. తొందరపాటు మనిషే గానీ చెడ్డవాడు కాదనుకుంది. మెట్లు దిగుతూ తనను తానే తిట్టుకుంది.

మర్నాడు పొద్దున తల్లి వరండాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఆ రోజు ఫోన్లో నేనన్న మాట నువ్వు విన్నావా?"

తల్లి తువ్వాలు రెండు కొసలూ కలిపి, మోకాలిమీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. "ఏమోనే. బొంగురుగా వినపడింది. ఈమధ్య నా చెవి సరిగ్గా ఆనడంలేదు. నువ్వు ఇమ్మన్నావని వాడన్నాడు, నేను పుచ్చుకున్నాను."

"చెవి ఆనకపోవడమేంటి? ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పను? రోజంతా ఊళ్లోవాళ్ల చెవులు చూసి అలిసిపోయి వస్తావు. మళ్లీ నా చెవి కూడానా?"

ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సినచోట తగిలింది. వీధిలో ఎవడైనా రెండుసార్లు "ఆఁ?" అంటే చాలు, చెవి పరీక్ష చేయించుకోమని వెంటపడే మనిషి. ఒకే కప్పు కింద ఉన్న తల్లికి వినపడటంలేదన్న సంగతి కనిపెట్టలేకపోయింది. షేర్ల మాట అక్కడితో ఆగిపోయింది. ఆ రోజంతా ఇంట్లో ఆమె గొంతు పెంచి మాట్లాడింది. తల్లి ప్రతిదానికీ ఒక క్షణం ఆలస్యంగా తల ఊపింది.

గురువారం పొద్దున ఆమె పెద్ద డాక్టరుతో తనవల్ల కాదని చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"మీ తమ్ముడు మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు కదమ్మా. సర్దలేడా?"

"ఇల్లు కొనుక్కున్నాడండీ."

"ఓహో" అన్నాడాయన. ఆ ఓహోలో ఆయనకు ఎంత అర్థమైందో ఆమె చూడదలుచుకోలేదు. "బోర్డు మీద నీ పేరు రాయిద్దామని పెయింటరుకి కూడా చెప్పాను. సర్లే. ఆ దుకాణాలవాళ్లు నిన్ను పనిలో ఉంచుకుంటారులే, నేను గట్టిగా చెప్తాను."

మధ్యాహ్నానికే వాళ్ల మనుషులిద్దరు టేపు పట్టుకుని దిగారు. గోడలు కొలిచారు, ఫ్యాన్లు లెక్కపెట్టారు. ఒకడు పరీక్షగది గోడమీద వేలితో టకటకా కొట్టి, "ఈ డబ్బా కూడా మనదేనా?" అని రెండోవాణ్ణి అడిగాడు. డబ్బా అట. ఆ గదికి ఎక్కడ ఏ సందులోంచి చప్పుడు దూరుతుందో వెతికి, తలుపు అంచుకు రబ్బరు పట్టీలు తనే కోసి అంటించుకుంది. బయట లారీ పోయినా లోపల గడియారం చప్పుడు వినపడేలా చేసుకుంది. ఆమెకు వాడి వేలు విరిచేయాలనిపించింది. "తలుపు గట్టిగా వెయ్యకండి, పట్టీలు ఊడతాయి" అని మాత్రం అంది.

వాళ్లు వెళ్లాక, సాయంత్రం రోగులు పల్చబడ్డాక, తల్లిని ఆటోలో రప్పించింది. రిసెప్షన్ అమ్మాయిని ఇంటికి పంపేసింది. ఈ గది తనది కాకపోతేనేం, కనీసం తల్లి చెవైనా చూడాలి.

తల్లిని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, కొప్పు అడ్డం రాకుండా సర్ది, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటనిచ్చింది. "చప్పుడు ఎంత సన్నగా వినపడినా సరే నొక్కు. తెలిసిందా?" అని గట్టిగా అరిచి చెప్పింది. తలుపు మూసి, బయటినుంచి అద్దం ఎదురుగా మిషను ముందు కూర్చుంది.

కూత మొదలుపెట్టింది. తల్లి నొక్కింది. తగ్గించింది. తల్లి నొక్కింది. ఇంకా తగ్గించింది, ఆ వయసువాళ్లు మామూలుగా ఆగిపోయే చోటు దాటించింది. తల్లి నొక్కినట్టు మిషను మీద దీపం మళ్లీ వెలిగింది. ఆమె తీగలు చూసుకుంది, మిషను ఆపి మళ్లీ పెట్టింది. రెండో చెవి చూసింది. అదీ అంతే. తల్లి కళ్లు మూసుకుని, అప్పజెప్పిన పని శ్రద్ధగా చేసే పిల్లలాగా, వినపడినప్పుడల్లా నొక్కుతూ పోయింది. వినపడనట్టు నటించడం ఇంట్లో మాటలతో వచ్చింది గానీ, ఈ బటనుతో ఎలా నటించాలో తల్లికి తట్టినట్టు లేదు.

తర్వాత మాటల పరీక్ష. ఇటునుంచి మైకులో మెల్లగా ఒక మాట చెప్తే, లోపలివాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి.

"కిటికీ."

"కిటికీ" అంది తల్లి.

"గొడుగు."

"గొడుగు."

"నిచ్చెన."

"నిచ్చెన."

గొంతు సన్నబడిపోతోంది, గుసగుస కంటే తక్కువ. తల్లి ఒక్కమాట కూడా తప్పడంలేదు. తర్వాతి మాట బలపం. అది చెప్పబోయి, ఎందుకో ఆమెకే తెలియదు, "బయటివి అమ్మకు" అంది.

"బయటివి అమ్మొద్దు" అంది తల్లి.

అని, కళ్లు తెరిచింది.

మామూలుగా ఎంతోమంది చేస్తారాపని. విన్న మాట బదులు దాని అర్థం చెప్పేస్తారు, "అలా కాదండీ, నేనెలా అన్నానో అలాగే అనాలి" అని ఆమె దిద్దుతుంది. ఇవాళ దిద్దలేదు. మోసపోయింది. తమ్ముడిచేతిలో కాదు, ఆ మోసానికైతే మొన్ననే సగం అలవాటుపడింది.

మైకు మీట నొక్కింది. "అయితే ఆ రోజే నీకు అర్థమైంది."

తల్లి చేతిలోని బటన్ను ఒళ్లో పెట్టుకుంది. చెవిమీంచి హెడ్‌ఫోన్లు తియ్యలేదు. "అర్థంకాకేమే? కన్నదాన్ని. నీ మాట నాకర్థం కాదా?"

"వాడు?"

"వాడికీ అయింది. అక్క అమ్మొద్దంటోంది, ఇక ఇల్లు ఆశ వదులుకోవడమే అని నీళ్లు నమిలాడు. నేనే అన్నాను, 'అమ్మకు అంది కదరా, నాకే అనుకో' అని. వాడికంత తెలివెక్కడిది?" ఆ చివరి మాటలో, పాపం, ఒక పిసరు గర్వం కూడా ఉంది.

"ఎందుకమ్మా?"

తల్లి గాజులు ముంజేతిపైకి తోసుకుంది. మళ్లీ కిందకు జారాయి. "మీరిద్దరే కదే, ఆ బల్ల దగ్గర కూర్చుని రోజూ చెప్పుకునేవాళ్లు. అంతా ఒక్కచోటే పెట్టకూడదని. ఇక్కడ పడితే అక్కడ నిలబడుతుందని. నేనూ వింటూనే ఉన్నాను. నేనిప్పుడు నీ దగ్గరున్నాను. రేపు నీకేమైనా అయితే? నీకు నామీద విసుగొస్తే? వాడింట్లో నాకంటూ ఒక మూలైనా ఉండాలా వద్దా? ఏమీ పెట్టకుండా వాడుమాత్రం ఎందుకిస్తాడు? ఆ అమ్మాయి అసలివ్వదు. అందుకని అక్కడ పెట్టాను."

"నాది తీసుకెళ్లి పెట్టావు."

"మరి నా దగ్గరేముందే?" నిజాయితీగానే అడిగింది. తర్వాత బుజ్జగిస్తున్నట్టు, అద్దంవైపు కాస్త వంగి, "నీ దగ్గర ఏమీ పెట్టకపోయినా పర్వాలేదు. నువ్వెలాగూ ఎక్కడికీ పోవు కదా" అంది.

ఇన్నేళ్లలో తల్లి తనను మెచ్చుకున్నది ఈ ఒక్కసారేనని ఆమెకు తోచింది. అద్దం బద్దలుకొట్టాలనిపించింది, ఆ ఒడిలో తలపెట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"నన్నమ్మి వాణ్ణి కొన్నావమ్మా" అంది.

"అదేం మాటే!"

"ఆ గది నేను చూశాను. మంచం బాగుంది. స్నానాలగదిలో కడ్డీ కూడా పెట్టించాడు. రేపు పొద్దున నిన్ను అక్కడ దింపుతాను."

తల్లి అరచెయ్యి చెవి దగ్గర, హెడ్‌ఫోను మీదే, డొప్పలా పెట్టుకుంది. "ఏమన్నావే? సరిగ్గా వినపడలేదు."

ఆమె చెయ్యి అలవాటుగా శబ్దం పెంచే మీట మీదకు పోయింది. పోయి, వెనక్కి వచ్చింది. అంతే మెల్లగా, అదే మాట మళ్లీ చెప్పింది.

తల్లి ఇక అడగలేదు. హెడ్‌ఫోన్లు తీసి, తీగ చిక్కుపడకుండా చుట్టి కుర్చీ చేతిమీద పెట్టింది. చెదిరిన వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. లేచి తలుపు దాకా వచ్చి, రెండు చేతులతో మెల్లగా తోసి, గుమ్మంలో నిలబడింది.

"మందులు అన్నీ సర్దుకోనా, కొన్ని ఇక్కడే ఉంచనా?" అంది.

"అన్నీ" అంది ఆమె.